ఫిలేమోను ఉత్తరంతో కొండాపూర్ దాకా

పౌలు రాసిన ఉత్తరాల్లో అన్నిటికంటే చిన్నది ఫిలేమోనుకు రాసింది. దగ్గర దగ్గరగా రాస్తే ఒక్క ఠావు కాగితంలో పట్టేస్తుంది. ఆ కాగితం పట్టుకునే నేను ఈ ప్రయాణం చేశాను.

సికింద్రాబాదులో ఒక ఆడపిల్లల బడిలో తెలుగు చెబుతాను. బైబిలును వాడుక తెలుగులోకి తెస్తున్న ఒక చిన్న బృందానికి సెలవు రోజుల్లో సాఫు ప్రతులు రాసిపెడతాను. బృందానికి పెద్ద అయిన పాస్టరు అయ్యగారు గ్రీకు చదివినవారు. ఫిలేమోను ఉత్తరం ముసాయిదా పూర్తయిన రోజున ఆయన అన్నారు: "దీన్ని మనం బల్ల ముందు కూర్చుని చదువుకుంటున్నామమ్మా. మొదటివాళ్ళు అలా చదవలేదు. ఒక మనిషి మోసుకెళ్ళాడు, ఒక ఇంట్లో చేరినవాళ్ళ ముందు ఎవరో నిలబడి చదివారు. మన తెలుగు నిలుస్తుందో లేదో తేలాలంటే అలాగే చదివి చూడాలి."

నేను వెళ్తానన్నాను. గుంటూరు వైపు మనిషిని, నా తెలుగుకు తెలంగాణ పల్లెను మించిన పరీక్ష లేదు. ముసాయిదా మీద నాకు నమ్మకం గట్టిగానే ఉంది.

ఫిబ్రవరి రెండో శనివారం ఉదయం ఏడుంపావుకు గౌలిగూడలో సంగారెడ్డి బస్సెక్కాను. టికెట్టు మూడు రూపాయల లోపే. ఎడమవైపు కిటికీ దొరికితే ఎండ తగలదు. కూకట్‌పల్లి దాటాక కాగితం తీసి పెదాలతో చదువుకుంటుంటే పక్కనావిడ తొంగిచూసింది. గుడివాడవారట. భర్త రామచంద్రాపురం ప్లాంటులో ఫిట్టరు, పదేళ్ళుగా క్వార్టర్సులో కాపురం.

"ఉత్తరమాండీ?"

"ఉత్తరమేనండి. రాసి పందొమ్మిది వందల ఏళ్ళయింది."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "అయితే చేరాల్సినవాళ్ళకి ఎప్పుడో చేరే ఉంటుందిగా. మళ్ళీ మీరెందుకు మోస్తున్నారు?"

"ఇంకా చేరాల్సినవాళ్ళు ఉన్నారేమోనని."

ఆవిడ నవ్వి, సంచిలోంచి ఒక జామకాయ తీసి నా ఒళ్ళో పెట్టి, ప్లాంటు గేటు దగ్గర దిగిపోయింది.

పటాన్‌చెరు దగ్గర రోడ్డు పక్కన కొత్త రేకుల షెడ్లు లేస్తున్నాయి. నిన్నటిదాకా జొన్న చేలుగా ఉన్నచోట ప్రహరీ గోడలు, వాచ్‌మన్ గదులు. బస్సులోకి ఘాటైన మందు వాసన వచ్చింది. తొమ్మిదిన్నరకు సంగారెడ్డిలో దిగాను. స్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ, చాయ్ బాగున్నాయి. కొండాపూర్ బస్సు పదకొండుకు. అది తప్పితే మళ్ళీ మూడింటిదాకా లేదు, వెళ్ళదలచినవారు గుర్తుంచుకోవాలి. కొండాపూర్ నుంచి రెండు మైళ్ళ నడక. నేను వెళ్ళిన ఊరి పేరు మాత్రం రాయడం లేదు. ఒక ఇంటి సంగతి చెప్పబోతున్నాను కాబట్టి.

పల్లె సంఘాలకు వాక్యం చెప్పే ఉపదేశి రత్నం గారు కొండాపూర్‌లో ఎదురొచ్చి నా సంచి అందుకున్నారు. యాభై ఏళ్ళ మనిషి. ఏడు ఊళ్ళకు ఆయనొక్కడే, ఆదివారానికో ఊరు చొప్పున సైకిలు మీద తిరుగుతారు. వాళ్ళింట్లోనే నా బస. ఆయన భార్య జొన్న రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. భోజనమయ్యాక ఉత్తరంలో ఏముందో ఆయనకు చెప్పాను. పౌలు జైల్లో ఉన్నాడు. ఫిలేమోను అనే యజమాని దగ్గర్నుంచి పారిపోయిన ఒనేసిము అనే దాసుడు పౌలును చేరి విశ్వాసి అయ్యాడు. పౌలు అతన్ని వెనక్కి పంపుతూ, వీణ్ణి ఇక దాసుడిగా కాదు, తమ్ముడిగా చేర్చుకో, నన్ను చేర్చుకున్నట్టే చేర్చుకో అని రాశాడు.

రత్నం గారి ముఖం మారింది. "గీ ఉత్తరం రేపు వద్దు టీచరమ్మ. ఇంకేదన్న ఉంటే సదువున్రి."

"ఎందుకండీ?"

"మా సంఘం పెద్ద అబ్రహాం. ఆయన తమ్ముడు దానియేలు. ఊరు మొత్తంల వాక్యం సదివేటోడు దానియేలు ఒక్కడే. నేను లేని ఆదివారాలు ఆయనే సదివేటోడు. ఇగ పటాన్‌చెరుల కంపెనీల పని దొరికింది. ఆదివారం గూడ డ్యూటీ పడ్తది. పోయేనాడు అబ్రహాం అందరి ముంగట అనిండు, వాక్యం కన్న కంపెనీ ఎక్కువైనోడు ఈ గుడి కడప తొక్కొద్దని. తొమ్మిది నెలలాయె. ఆయన రాలే, ఈయన పిలువలే." ఆయన గొంతు తగ్గించారు. "గిప్పుడు మీరు గది సదివితే, నేనే మీతోని సదివిపిచ్చిన అనుకుంటడు. కోపిష్టి మనిషి. సంఘం రెండు ముక్కలైతది."

నా సంచిలో లూకా సువార్తలోని ఒక అధ్యాయం కూడా ఉంది. అది చదివితే ఎవరికీ ఇబ్బంది లేదు. అయినా నాకు ఎక్కువసేపు పట్టలేదు.

"రత్నం గారూ, నన్ను ఇదే చదివి రమ్మన్నారు. ఎవరికైనా తగులుతుందని మడిచి పెట్టుకుంటే ఇక వాక్యం ఎందుకండీ?"

ఆయన లేచి సైకిలుకు గాలి చూసుకున్నారు. చివరకు "మీ ఇష్టం" అన్నారు.

ఆదివారం తొమ్మిదింటికి గుడిలో అరవై మంది దాకా చేరారు. మట్టి గోడలు, పెంకుల కప్పు, కింద ఈతచాపలు. మొదటి వరసలో అబ్రహాం, భుజం మీద తుండు, తల వంచడు. ప్రార్థన అయ్యాక జరిగింది చూసి నేను కాగితం మాటే మరచిపోయాను. రత్నం గారు రాని ఆదివారాల్లో చదివేవాడు లేక అలవాటు చేసుకున్నట్టే, వాళ్ళు గుర్తున్న వాక్యం ఒప్పజెబుతున్నారు. పళ్ళు లేని ముసలావిడ మరియమ్మ, గొర్రెల కాపరి కీర్తన మొదట్నుంచి చివరిదాకా చెప్పింది. ఆవిడకు ఒక్క అక్షరమూ రాదు. ఒక రైతుకూలీ మధ్యలో తడబడితే వెనకనుంచి ఆయన భార్య మాట అందించింది.

బైబిలు ఆకాశంనుంచి అట్టతో సహా ఊడిపడిందనుకునేవాళ్ళు ఆ గుడిలో ఒక గంట కూర్చోవాలి. యేసు తన చేత్తో పుస్తకమేదీ రాయలేదు. విన్నవాళ్ళు చెప్పారు, వాళ్ళదగ్గర విన్నవాళ్ళు మళ్ళీ చెప్పారు. దూరాన ఉన్న సంఘాలకు ఉత్తరాలు వెళ్ళాయి. ఒక ఊరికి వచ్చినదాన్ని పక్క ఊరు అడిగి రాసుకుంది. అలా చేతులు మారినవన్నీ చాలాకాలం తర్వాత ఒక్కచోట చేరి గ్రంథమయ్యాయి. అంతకుముందే జనం వాటితో బతికారు. ఇది నేను పుస్తకాల్లో చదివిన సంగతే, కళ్ళతో చూసింది మాత్రం అక్కడే.

నిలబడి చదివాను. నిదానంగా చదివితే అయిదు నిమిషాలు. అబ్రహాం కళ్ళు కదల్లేదు. అయిపోయాక "మంచిగుంది" అన్నారు అందరూ మర్యాదగా. అది నాకు చాలదు. "అవ్వా, మీరు విన్నది మీ మాటల్లో చెప్పండి" అని మరియమ్మను అడిగాను.

ఆవిడ జైలు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్క సంగతీ వదలకుండా చెప్పింది. ఆగి, నా వైపు వేలు చూపింది. "నీ కాయితంల ఒక మాట మంచిగ లేదు బిడ్డా. 'నా హృదయాన్నే నీ దగ్గరికి పంపుతున్నాను' అన్నవు. గట్ల ఎవరంటరు? 'నా కడుపుల పేగును పంపుతున్న' అనాలె. కన్నోళ్ళు గట్లనే అంటరు."

కాగితం అంచున అయ్యగారు పెన్సిలుతో రాసిన గమనిక చూశాను. గ్రీకులో ఆ మాటకు అసలు అర్థం కడుపులోని పేగులని ఉంది. తెలుగులో మోటుగా ఉంటుందని మేమే మార్చాం. అక్కడే కొట్టేసి, ఆవిడ మాట రాసుకున్నాను.

అప్పుడు అబ్రహాం మొదటిసారి నోరు తెరిచాడు. "ఆ ఫిలేమోను వాన్ని రానిచ్చిండా?"

రత్నం గారు నా వైపు చూడలేదు.

"ఉత్తరంలో ఆ సంగతి లేదండి. కానీ ఉత్తరం అందింది ఆయనకే. కోపమొచ్చి చింపేసి ఉంటే మనదాకా వచ్చేది కాదు. దాచుకున్నాడు, పదిమందికీ వినిపించనిచ్చాడు. రానిచ్చే ఉంటాడని నా నమ్మకం."

అబ్రహాం లేచి తుండు దులిపి బయటకు వెళ్ళిపోయాడు. చివరి ప్రార్థన ఆయన లేకుండానే జరిగింది. రత్నం గారు నాకంటే పది అడుగులు ముందే ఇంటికి నడిచారు. చేసింది తప్పని అనిపించలేదు కానీ అన్నం సయించలేదు.

పన్నెండున్నరకు, నేను సంచి సర్దుకుంటుంటే అబ్రహాం వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"టీచరమ్మ, మీ బస్సు పటాన్‌చెరు మీదికెళ్ళే పోతది గదా. ఒక ఉత్తరం రాసియ్యున్రి."

నేను కాగితం తీశాను. ఆయన ప్రతి మాటకూ ముందు ఆగి చెప్పాడు.

"దానేలూ. నేను, అన్నను. ఆనాడు అందరి ముంగట అన్న. గా మాట నాది తప్పు. ఇది గూడ అందరి ముంగటనే అంట. నువ్వు లేక వాక్యం సదివేటోడు లేడు. ముసలోళ్ళకు యాదున్నయి ఒక్కొక్కటి పోతున్నయి. నీకు ఆదివారం డ్యూటీ ఉంటె ఉండని. నీకు ఏ వారం ఛుట్టీ ఉంటె గా వారమే సంఘం కూసుంటది. నేను కూసోపెడ్త. రా."

చదివి వినిపించాను. "'రా' కాడ 'తమ్మీ' అని పెట్టున్రి" అన్నాడు. పెట్టాను. బొటనవేలికి సిరా రాసుకుని కింద ముద్ర వేశాడు. రత్నం గారు తలుపు దగ్గర నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

మూడున్నర దాటాక పటాన్‌చెరులో దిగాను. రత్నం గారు చెప్పిన గుర్తుల ప్రకారమే చౌరస్తా వెనక సందులో కిరాయి గదుల వరస. మూడో గదిలో దానియేలు అప్పుడే షిఫ్టు దిగి వచ్చి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. రంగు మందు పడి అరచేతులు పచ్చగా ఉన్నాయి. సంగతి చెప్పగానే నాకు కుర్చీ వేసి, చేతులు కడుక్కుని వచ్చి ఉత్తరం అందుకున్నాడు. నిలబడి, పైకే చదివాడు. ఆ ఊరు తొమ్మిది నెలలుగా దేనికి ఎదురుచూసిందో ఆ గొంతు వింటే తెలిసింది. సగంలో ఆగాడు. గది మిత్రుడు ఒకాయన స్టవ్వు మీంచి గిన్నె దించి అలాగే ఉండిపోయాడు.

"ఈ మాటలు మీరు దిద్దిన్రా మేడం?"

"ఒక్క మాట కూడా దిద్దలేదు."

"తప్పు నాది అని మా అన్న ఎన్నడు అనలే. మా నాయిన తోని గూడ అనలే." ఆ ముద్రను చాలాసేపు చూశాడు. "నాకు బుధవారం ఛుట్టీ. మంగళవారం డ్యూటీ దిగంగనే పోత."

బస్‌స్టాపు దాకా తోడొచ్చాడు. దారిలో అడిగాడు: "పొద్దున మీరు సదివిందేందో నేను గూడ సదవాలె. అందరు విన్నరు, నేను వినలే." సంచిలోంచి ముసాయిదా తీసి, మరియమ్మ దిద్దుబాటుతో సహా ఇచ్చేశాను. మరో ప్రతి లేదని ఇచ్చాక గుర్తొచ్చింది. బెంగపడలేదు.

నాలుగున్నర బస్సు ఖాళీగా దొరికింది. వెళ్ళేటప్పుడు ఒక మంచి అనువాదాన్ని పరీక్షించడానికి వెళ్తున్నాననుకున్నాను. విశ్వాసానికి గ్రంథం ఎందుకని ఇకమీదట ఎవరైనా అడిగితే నాకు వాదన అక్కర్లేదు. ఆ ఊరి దారి చెబుతాను. కిటికీ మూసి, ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని, కుదుపులకు గీతలు వంకరపోతున్నా, ఉత్తరం మొదట్నుంచి గుర్తుచేసుకుని రాయడం మొదలుపెట్టాను. మియాపూర్ వచ్చేసరికి "కడుపులోని పేగు" దగ్గరికి చేరాను.