తోక నాది, తల ఆమెది

కరీంనగర్‌లో మా ఇంటి బీరువాలో చీరలు తక్కువ, పాత కుట్లు ఎక్కువ. ఒకప్పుడు ఆడపిల్లలు కుట్టు నేర్చుకునేటప్పుడు ఒకే గుడ్డ మీద అక్షరాలు, పూలు, పక్షులు కుట్టి, అంచుకు క్రోషా లేసు అల్లేవారు. అలాంటి నమూనా గుడ్డల కోసం ఊరూరా తిరుగుతుంటాను. ఎవరు కుట్టారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి తెలుసుకుంటాను. మంచిర్యాలలో ఉండే నా స్నేహితురాలికి ఈ పిచ్చి అంటించింది నేనే. తర్వాత ఆమెను చూసి ఏడ్చిందీ నేనే.

నస్పూర్‌లో ఒక ముస్లిం కుటుంబం నాకు సగం గుడ్డ ఇచ్చింది. చనిపోయిన అత్తగారు చిన్నప్పుడు కుట్టినదట. పైన ఉర్దూ అక్షరాలు, కింద తెలుగు అక్షరాలు, వాటి కింద నెమలి తోక. మూడు వైపులా లేసు ఉంది. నాలుగో వైపు కత్తెర పడింది.

"మా అత్తమ్మ, వాళ్ల అక్క చెరో దిక్కు కూసుండి కలిసి కుట్టిండ్రు. పెండ్లిళ్లయినంక నాదంటే నాదని కొట్లాడుకుంటే, వాళ్ల అమ్మ చెరి సగం కోసిచ్చిందట" అంది కోడలు. ఆ అక్క చెన్నూరులో ఉందని కూడా చెప్పింది.

చెన్నూరుకు ఎన్నిసార్లు వెళ్లానో. ఆ పెద్దావిడ ప్రతిసారీ చాయ్ ఇచ్చేది, మంచీచెడూ అడిగేది, గుడ్డ మాత్రం చూపించేది కాదు. "యాడ పెట్టిన్నో యాదికి లేదు బిడ్డా" అనేది. ఒకసారి స్నేహితురాలిని వెంట తీసుకెళ్లాను. ఆ తర్వాత ఆమె నాతో ఒక్క మాట అనకుండా ఒంటరిగా వెళ్లింది. ఒక పొద్దున ఫోన్‌కు ఫోటో పంపింది. నెమలి తల. కింద "దొరికిందక్కా!" అని రాసింది.

"మంచిగైంది" అని జవాబు రాశాను. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మర్నాడే చెన్నూరు బస్సెక్కాను. గడపలోనే అడిగేశాను.

"పెద్దమ్మా, నేనిన్నిసార్లొస్తే ఇయ్యలే. ఆమెకెట్ల ఇచ్చినవ్?"

"నువ్వచ్చినప్పుడల్లా నా చెల్లె ముచ్చటే తీస్తివి. దాని కుట్టు గిట్లున్నది, దాని లేసు గట్లున్నది అని. గా పిల్ల అచ్చి, నీ కుట్టేదమ్మా, జర చూపియ్యి అన్నది. ఇచ్చేసిన."

ఆమే మళ్లీ అంది: "తోక చెల్లెది, తల నాది. రెండూ ఒక్కపారి తెచ్చి నా ముంగట పెట్టుండ్రి. ఎవల్ది మంచిగున్నదో చూడాలె."

నేనూ స్నేహితురాలూ కలిసి వెళ్లాం. చాప మీద రెండు ముక్కలూ ఆనించి పరిచాం. కత్తెర గాటు అతికినట్టు కలిసింది. తెలుగు ఎడమ నుంచి, ఉర్దూ కుడి నుంచి మొదలవుతాయి కనుక తెలుగు మొదలు నా ముక్కలో, ఉర్దూ మొదలు ఆమె ముక్కలో ఉంది. పెద్దావిడ అద్దాలు పెట్టుకుని వంగి, ఒక్కో కుట్టునూ వేలితో తడిమింది. గుడ్డ తిరగేసి వెనక దారాలు కూడా చూసింది.

"తోకే మంచిగున్నది" అంది చివరికి. ముఖం గోడవైపు తిప్పుకుంది. "పోయి గిన్నేండ్లాయె, ఇంకా నా మీద గెలుస్తనే ఉన్నది."

కానీ నేను చూస్తున్నది స్నేహితురాలి ముఖాన్ని. అది చిన్నబోయింది. బాగున్న ముక్క నాది మరి. లోపల ఎంత చల్లబడిందో చెప్పలేను.

బస్టాండులో ఆమె అడిగింది: "అక్కా, నీ ముక్క నాకియ్యి. రెండూ కలిపి ఫ్రేమ్ కట్టిస్త."

"నీదే నాకియ్యరాదూ?"

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఇద్దరం ఎవరి సంచి వాళ్లం ఒళ్లోకి లాక్కున్నాం.

మొన్న జగిత్యాలలో ఒకరింట్లో లేసు అల్లిన పాత దిండు గలీబులు ఉన్నాయని తెలిసింది. అదే రోజు ఆమె ఫోన్ చేసింది. "కొత్తయి ఏమన్న దొరికినయా అక్కా?" అని అడిగింది.

"ఏం లేవు" అని ఫోన్ పెట్టేసి చెప్పులు వేసుకున్నాను.