మా మేష్ట్రు కొలిచిన వెలుగు

మా ఎదురింటి మేష్ట్రు పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశారు. కాఫీ తాగి, పేపరు చదవడానికి కిటికీ పక్కన కూర్చున్నవారు మళ్ళీ లేవలేదు. “పేపరు ఇంకా చేతిలోనే ఉండాదప్పా” అన్నారు ఆయన భార్య, నేను వెళ్ళేసరికి. శిడ్లఘట్టలో నాకు పట్టుదారం తీసే చిన్న యూనిట్ ఉంది. ఆ రోజు దాన్ని తెరవలేదు. ఆయనే లేకపోతే ఒక మంచి పనిమంతురాలిని నేను చేతులారా పోగొట్టుకునేవాణ్ణి. ఆ సంగతి చెప్పుకోవాలి.

ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఎక్కడ కూర్చున్నా ముందు అరచెయ్యి చాపి, దాని మీద వెలుగు ఎంత పడుతోందో చూసుకునేవారు. చాలకపోతే కుర్చీ జరుపుకునేవారు. పెళ్ళి భోజనాల్లో కూడా అదే అలవాటు. చెయ్యి చాపారు కదా అని వడ్డించేవాళ్ళు ఇంకో ఒబ్బట్టు వేసేవారు. ఆయన వద్దనేవారు కాదు.

మూడేళ్ళ కిందట మా యూనిట్లో మునెమ్మ దగ్గర పోగులు తరచూ తెగడం మొదలైంది. వేడినీళ్ళ బేసిన్ ముందు కూర్చుని, పట్టుగూళ్ళ నుంచి పోగు కొసలు పట్టి అతకడంలో ఆమెకు ఇరవై ఏళ్ళ అనుభవం. వెలుగు చాలడం లేదని ఆమె అంటే అంగట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద దీపం తెచ్చి పైకప్పుకు వేలాడదీశాను. డబ్బా మీద లూమెన్ల అంకె చూసి మురిసిపోయాను కూడా. అయినా పోగులు తెగుతూనే ఉన్నాయి. ఇక తప్పు ఆమె కళ్ళదేనని తేల్చేసి, సోమవారం నుంచి రావద్దన్నాను. భర్త లేని మనిషి, ఆ పనే ఆధారం. ఆమె మళ్ళీ బేసిన్ వైపు తిరిగి పోగు కొస వెతుక్కుంది, అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ సాయంత్రం ఈ మాటే మేష్ట్రుతో అన్నాను. ఆయన లోపలికి వెళ్ళి వెలుగు కొలిచే చిన్న లక్స్ మీటరు తీసుకుని, నాతో పాటు యూనిట్‌కు వచ్చారు. మునెమ్మ ఇంకా బేసిన్ ముందే ఉంది.

“దీపం యాడ పెట్టినావప్పా?”

“పైన, మేష్ట్రే.”

“పని యాడ చేస్తాండారు?”

నా జవాబు కోసం ఆగకుండా మీటరు బేసిన్ అంచున పెట్టారు. అంకె నలభై కూడా దాటలేదు. దీపం ఆమె వీపు వెనక ఉంది. ఆమె నీడే నీళ్ళ మీద పడుతోంది.

“దీపం మొత్తం ఇచ్చే వెలుగు లూమెన్లప్పా. దాంట్లో ఒక చదరపు మీటరు మీద ఎంత పడిందో చెప్పేది లక్స్. నువ్వు దీపం కొన్నావు, వెలుగు మాత్రం ఈయమ్మకు ఇయ్యలేదు.”

దీపాన్ని కిందికి దించి ఆమె ముందువైపుకు మార్పించారు. అంకె మూడు వందలు దాటింది. మునెమ్మ మొదటి ప్రయత్నంలోనే కొస పట్టేసింది.

“అమ్మా, నీ నీడే నీకు అడ్డం ఉండాది, అంతే” అన్నారు మేష్ట్రు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. “సోమవారం రామ్మా” అన్నాను మెల్లగా.

“రాకుండా యాడికి పోతానప్పా” అంది.

ఇప్పుడు ప్రతి బేసిన్‌కూ దాని దీపం దానికుంది. కొత్తవాళ్ళకు పని నేర్పేది మునెమ్మే. ఎవరి పనైనా చెడితే నేను ముందు వాళ్ళ దీపం వైపు చూస్తాను.

బుధవారం యూనిట్ తెరిచాం. అందరికంటే ముందు మునెమ్మ వచ్చి దీపం వేసింది. కూర్చోబోయేముందు బేసిన్ మీదికి అరచెయ్యి చాపి ఒక క్షణం చూసుకుంది. వేడినీళ్ళకు నానిన ఆ చేతి గీతలన్నీ నాకు గుమ్మం దగ్గరికే కనిపించాయి.