వదిన నోట్లో బియ్యం

మా అమ్మ పోయిన రెండో నెలలో అన్నయ్య నన్ను పార్వతీపురం నుంచి రాయపూర్ తీసుకొచ్చేశాడు. అది 1968 వేసవి. నాకు పదమూడేళ్ళు. అన్నయ్య కొండలరావు అక్కడ ఒక బియ్యం మిల్లులో ఫిట్టరు. మిల్లు ఆవరణలోనే, గోదాము గోడకి ఆనించి కట్టిన ఆరు గదుల వరసలో చివరి రెండూ మావి. ఆ ఇంట్లో ఏ వస్తువు మీద చెయ్యి వేసినా వేళ్ళకి తవుడు అంటుకునేది.

వదిన పేరు భ్రమరాంబ. ఇరవై నాలుగేళ్ళుంటాయి. పిల్లలు లేరు. సన్నగా, పాలిపోయినంత తెల్లగా ఉండేది. మా ఊళ్ళో అందరూ ఆ రంగు చూసి మెచ్చుకునేవారు. అది ఒంట్లో నెత్తురు లేని తెలుపని అప్పటికి ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం రెండు గంటలసేపు మిల్లు ఆపేవారు. అంతవరకూ గోడలు వణుకుతూనే ఉండేవి కాబట్టి, ఆగగానే చెవుల్లో దూది కుక్కినట్టుండేది. బయట వడగాలి. కిటికీలకి తడి గోనెపట్టాలు. ఆ మసక గదిలో పడుకుని ఉండగా, వచ్చిన నాలుగో రోజునో అయిదో రోజునో ఆ చప్పుడు విన్నాను. సన్నకంకర మీద ఎవరో నెమ్మదిగా నడుస్తున్నట్టు ఉంది. అడుగులైతే ఎక్కడికో అక్కడికి చేరాలి. ఇవి చేరడంలేదు. ఎలుకేమో అనుకున్నాను. ఎలుక మధ్యమధ్యలో ఆగి వింటుంది. ఇది ఆగలేదు.

లేచి వంటగదిలోకి తొంగిచూశాను. బియ్యం డబ్బా పక్కన గోడవైపు మొహం పెట్టి వదిన కూర్చుని ఉంది. ఒడి నిండా బియ్యం. చెయ్యి ఒడిలోకీ నోటికీ తిరుగుతోంది.

"వదినా" అన్నాను. పలకలేదు. ఇంకో రెండుసార్లు పిలిచాను. పలకలేదు. పక్కకి వెళ్ళి మొహం చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ దేన్నీ చూడడంలేదు. పెదాల చుట్టూ తెల్లటి పిండి. తల కొంచెం ఎడమకి వంచి, ఎడమ దవడతోనే నములుతోంది. నముల్తున్నప్పుడల్లా ఎడమ కన్ను సగం మూసుకుంటోంది.

అచ్చంగా మా అమ్మ అలాగే తినేది.

ఒడి ఖాళీ అయ్యాక కూడా దవడ కాసేపు ఆడుతూనే ఉంది. తర్వాత వదిన నా వైపు తిరిగింది. "లేచిపోనావేటి పాపా? మంచినీళ్ళు కావాలా?" అంది, ఎప్పటి గొంతుతోనే. డబ్బాలో బియ్యం నాలుగు వేళ్ళు దిగిపోయింది.

అన్నయ్యకి ఈ సంగతి నాకంటే ముందే తెలుసు. ఎవరికీ చెప్పుకోలేక తనలో తానే ఉపాయాలు వెతుక్కుంటున్నాడు. డబ్బాకి తాళం వేశాడు. వదిన తాళాన్ని లాగి లాగి వేళ్ళు వాచిపోయేలా చేసుకుంది. పురుగు పట్టకుండా రాసినట్టు బియ్యానికంతా ఆముదం పట్టించాడు. ఆముదం బియ్యమూ తినేసింది. వేపాకు పొడి కలిపాడు. చేదుకి కళ్ళనీళ్ళు కారుతున్నా నమిలింది. ఆ కూడు మాత్రం అన్నయ్యకీ నాకూ గొంతు దిగలేదు.

"ఒలే, ఆకలైతే అన్నం తినొచ్చు కదే. ఎవలొద్దన్నారు?" అని ఒకరోజు పళ్ళెం ముందు కూర్చుని బతిమాలాడు.

"అన్నమంటే ఆకల్లేదండి. నిజంగా లేదు" అంది వదిన. అన్నం వేళకి రెండు ముద్దలు తిని లేచిపోయేది.

నాతో అసలు మాట చెప్పింది ఒక వారం తర్వాత. నాకు జడ వేస్తూ, నా వెనక కూర్చుని చెప్పింది. అందుకే ఆ మాటలు అన్నప్పుడు ఆమె మొహం నేను చూడలేదు.

"నీకొక మాట సెప్తాను పాపా. అన్నకి సెప్పకు. నాకు సిన్నప్పట్నుంచీ ఈ పాడలవాటు ఉన్నాది. బియ్యం తింటే పెళ్ళిలో వాన పడతాదని మాయమ్మ తిట్టేది. పడ్డాది కూడాను. అప్పుడైతే గుప్పెడు తిని ఊరుకునేదాన్ని. ఇదలాగ కాదు."

"మరేటి?"

"అత్త పోయిన రోజు అందరిసేతా నోట్లో బియ్యం ఏయించినారు కదా. నేనూ ఏసినాను. గుప్పిట్లో కొన్ని ఉండిపోనాయి. పారేద్దామనే అనుకున్నాను. ఆ పచ్చిబియ్యం వాసనకి సెయ్యి నోటికాడికెల్లిపోనాది. ఎవలూ సూడలేదు. అందరూ ఏడుస్తన్నారు. నేనూ ఏడుస్తానే నమిలినాను."

జడ అల్లుతున్న వేళ్ళు ఆగాయి.

"ఆ రోజు కాణ్ణుంచీ ఒక్క గింజ పంటికి తగిలితే సాలు, మరి నాకేటీ తెలీదు. ఎవలు తింటన్నారో తెలీదు. అత్త ఆకలితో ఎల్లిపోనాదేమో పాపా. నా నోటితో అడుగుతున్నాదేమో."

మా అమ్మ చివరి తొమ్మిది రోజులూ గొంతు దిగక నీళ్ళ మీదే ఉంది. అది నాకూ తెలుసు. వదిన మీద నాకు కోపం రావలసింది. రాలేదు. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ తర్వాత మధ్యాహ్నాలు నేను ఆ చప్పుడు కోసం ఎదురుచూశాను. మొదలవగానే వెళ్ళి పక్కన కూర్చుని, ఆ వంగిన తలనీ సగం మూసిన కన్నునీ చూస్తూ ఉండేదాన్ని. ఆపాలని కూడా అనిపించేది కాదు.

ఒక రోజు వెనక కూర్చుని, చాలా మెల్లిగా, "అమ్మా" అన్నాను.

మూడుసార్లు వదినా అని పిలిచినా పలకని మనిషి, ఆ పిలుపుకి నమలడం ఆపింది. వెనక్కి తిరగలేదు. కదల్లేదు. గోడకి ఎదురుగా అలా ఆగిపోయింది, అంతే. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. కొంతసేపటికి చప్పుడు మళ్ళీ మొదలైంది. ఇంకెప్పుడూ అలా పిలవలేదు నేను.

ఇంట్లో బియ్యం పెట్టడమే మానేశాడు అన్నయ్య. రొట్టెలు మొదలుపెట్టాం. అప్పుడు వదిన గోదాములోకి పోవడం మొదలెట్టింది. మిల్లు ఆగిన వేళ బస్తాల వరసల మధ్య దూరి, కింద రాలిన నూకలు ఏరుకుని తినేది. అక్కడ ఊడ్చే కూలి ఆడవాళ్ళు ఛత్తీస్‌గఢీ వాళ్ళు. బస్తాల సందులో చీకట్లోంచి తెల్లటి నోరు, తెరిచిన కళ్ళు కనబడి ఒకామె చాట అక్కడే పారేసి పరిగెత్తిందట. అదే వారంలో ఆమె రెండేళ్ళ కూతురికి జ్వరం వచ్చి తగ్గలేదు.

టోన్హీ అన్నారు. అక్కడ మంత్రగత్తెని అలా అంటారు. ఎవరూ మా మొహం మీద అనలేదు. మేము కుళాయి దగ్గరికి వెళ్తే బిందెలు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. వదిన నీడ పడిన చోట పిల్లల్ని నడవనిచ్చేవారు కాదు. ఓ పొద్దున మా గుమ్మం మీద నిమ్మకాయ చెక్కలూ బొగ్గుముక్కలూ ఉన్నాయి. అన్నయ్య వాటిని చేత్తో తీసి పారేసి, పనికి వెళ్ళాడు.

మర్నాడు మధ్యాహ్నం మిల్లు ఆగింది. అలవాటుగా గుమ్మం వైపు చూశాను. ఎండలో పన్నెండు మంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒక్కరూ మాట్లాడడంలేదు. కొంగులు గాలికి ఎగురుతున్నాయి గానీ మనుషులు కదలడంలేదు. లోపల, నా వెనక, చప్పుడు. వదిన ఎక్కడినుంచో కొంగులో మూటగట్టుకొచ్చిన నూకలు తింటోంది. ఆ నిశ్శబ్దంలో అది వాళ్ళందరికీ వినబడుతోంది.

వాళ్ళలోంచి ఒకామె గుమ్మం దాటి వచ్చింది. బిసాహిన్. ఊడ్చేవాళ్ళకి పెద్ద. నలభై దాటిన మనిషి, మోచేతుల దాకా పచ్చబొట్లు. నన్ను పక్కకి జరిపి, వదిన ముందు గొంతుక్కూర్చుంది.

"కా ఖాత్ హస్, బహినీ?" అంది. ఏం తింటున్నావు చెల్లీ, అని.

బిసాహిన్ వదిన గడ్డం పట్టుకుని, బొటనవేలితో కింది కనురెప్ప లాగి చూసింది. లోపల ఎరుపన్నదే లేదు. గోళ్ళు చూసింది. నాకు అప్పుడే కనబడింది, అవి గరిటెల్లా గుంటలు పడి ఉన్నాయి. తర్వాత ఆమె గుమ్మంలోకి వచ్చి, తన కొంగు ముడి విప్పి, గోడలకి పూసే తెల్లమట్టి గడ్డ ఒకటి తీసింది. అందరూ చూస్తుండగా ఆ మట్టి కొరికి నమిలింది.

"మయ్ మాటీ ఖాథవ్. మయ్ టోన్హీ అవ్ కా?"

నేను మట్టి తింటాను, నేనూ టోన్హీనేనా, అని. వెనక వరసలో ఒక పిల్ల తల దించుకుంది. కడుపుతో ఉన్న ఇంకొకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. జ్వరం వచ్చిన పాప పదో రోజుకి లేచి తిరిగింది. అయినా ఆ పాప తల్లి మాత్రం మేమక్కడ ఉన్నంతకాలం మా ఇంటి నీళ్ళు ముట్టలేదు.

ఆసుపత్రిలో మీ భాష మాట్లాడే నర్సమ్మ ఉందని బిసాహినే చెప్పింది. మా వెంట వచ్చింది కూడా. ఆ నర్సమ్మ పేరు విజయకుమారి, తెనాలి వైపు క్రైస్తవులు. వదినని కూర్చోబెట్టి నోరు తెరిపించింది. కుడివైపు రెండు దంతాలు విరిగి, చిగుళ్ళు చీము పట్టి ఉన్నాయి.

"అయ్యో, ఈ పక్కన నమల్లేవు కదమ్మా. ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"బియ్యంలో రాయి తగిలినాదండి. సంకురాత్రి ముందు" అంది వదిన.

ఎడమ దవడ సంగతి నాకు అర్థమైంది. అర్థమయ్యాక గుండె తేలికపడాలి. ఎందుకో ఏదో చెయ్యిజారిపోయినట్టు ఏడుపొచ్చింది. 'అమ్మా' అన్నప్పుడు వదిన ఆగిపోయిన క్షణానికి మాత్రం ఆవిడ దగ్గరా సమాధానం ఉండదని తెలిసి, అడగలేదు.

రక్తం పరీక్ష చేయించారు. "నీ ఒంట్లో ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదమ్మా. కడుపులో పురుగులు. రక్తం తగ్గితే ఇలాంటి కోరికలు పుడతాయి. కొందరికి మట్టి, కొందరికి బియ్యం" అంది విజయకుమారి.

వదిన చాలాసేపు చేతులు చూసుకుంది. తర్వాత బిసాహిన్ ముందరే, నా ముందరే, గుప్పిట్లో మిగిలిన బియ్యం సంగతి చెప్పేసింది. "మరి మా అత్తకి ఆకలేమోనండి" అంది.

నర్సమ్మ నవ్వలేదు. "పోయినవాళ్ళ సంగతి నాకు తెలీదమ్మా. నువ్వు మాత్రం ఆకలితో ఉన్నావు. ముందు నీకు పెడదాం" అంది.

పురుగులకి మందు, నల్లటి ఇనుము మాత్రలు, విరిగిన పళ్ళు పీకించడం, రోజూ ఎర్ర తోటకూర. రెండు నెలలకి వదిన పెదాలకి రంగొచ్చింది. మధ్యాహ్నాలు నిద్రపోవడం మొదలెట్టింది. బిసాహిన్ కూడా అవే మాత్రలు మింగింది, తిట్టుకుంటూ.

కానీ కోరిక తగ్గినా అలవాటు చావదని నర్సమ్మ ముందే హెచ్చరించింది. "నీకు ఒక్క గింజ అనేది లేదు. ఆ ఒక్కటీ పడనివ్వకు." అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. బియ్యం బిసాహిన్ గుడిసెలో ఉండేది. పూటకి ఒక సోలెడు ఆమె కొలిచి ఇస్తే, నేను అక్కడే గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టి తెచ్చేదాన్ని. నానిన బియ్యం పంటికింద పలకదు, వదినకి అక్కర్లేదు. మిల్లు ఆగే వేళకి ఆమె ఇంట్లో ఉండకుండా నర్సమ్మ క్వార్టరుకి కుట్టుపనికి వెళ్ళేది. కోరిక పుట్టినప్పుడు దాచుకోకుండా చెప్పాలన్నది అన్నయ్య పెట్టిన నియమం. "వచ్చినాదండి" అనేది. అన్నయ్య చేస్తున్న పని వదిలేసి, సైకిలెక్కించుకుని బజారంతా తిప్పి తీసుకొచ్చేవాడు.

ఒకసారి తప్పింది. ఆ మరుసటి ఏడు వినాయక చవితికి, పూజలో అందరి చేతికీ అక్షతలిచ్చారు. వదిన చెయ్యి పట్టకూడదన్న సంగతి మర్చిపోయింది. ఆ సాయంత్రానికి ఇంట్లో దేవుడి కలశం కింది బియ్యం లేదు. నేను చూసేసరికి పీట ముందు కూర్చుని వణుకుతోంది. "నేనే పాపా. ఈసారి నేనే తినీసినాను. నాకు తెలుస్తానే ఉన్నాది" అంది. భయపడుతోందనుకున్నాను. కాదు, ఆ మాట ఊరటతో అంది. మర్నాటినుంచి మళ్ళీ మాత్రలు, మళ్ళీ బిసాహిన్ సోల. నా పెళ్ళికి వదిన చేతికి బియ్యం ఇవ్వలేదు. పూలు ఇచ్చాం.

డెబ్భై ఒకటిలో వాళ్ళకి కొడుకు పుట్టాడు. మిల్లు మూతపడ్డాక అన్నయ్య ఒక ఇనుము వ్యాపారి దగ్గర చేరి, రాయపూర్ శివారు మోవాలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. బిసాహిన్ చనిపోయినప్పుడు వదిన పదిరోజులూ వాళ్ళ గుడిసెలోనే ఉంది.

తొంభై ఎనిమిదిలో నేను మోవా వెళ్ళినప్పుడు వదినకి యాభై దాటింది. ఎదురింటి తెలుగువాళ్ళ కోడలు సరోజిని, కొత్తగా వచ్చిన పిల్ల, ఆ ఇంట్లో బడిపిల్లాడి బలపాలు పెట్టెలకి పెట్టెలు తినేస్తోందని అత్తగారు గోల పెడుతోంది. దిష్టి తీయించిందట, తాయెత్తు కట్టించిందట. వదిన అంతా విని చెప్పులేసుకుంది.

"ఎక్కడికి వదినా ఈ ఎండలో?"

"ఆ పిల్ల కాడికి. ఇప్పుడే కదా అదొచ్చే ఏళ."

నేనూ వెనకే వెళ్ళాను. సరోజిని పెరటి గదిలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి గుప్పిలి వెనక్కి దాచింది. వదిన ఆ గుప్పిలి అడగలేదు. పక్కన చతికిలబడి, ఆ పిల్ల కింది కనురెప్ప లాగి చూసింది.

"రేపు పొద్దున్న నాతో ఆసుపత్రికి రా. ఈపూటకి నేనిక్కడే కూకుంటాను" అంది.

ఆ పిల్ల గుప్పిలి మెల్లిగా ఒళ్ళోకి తెచ్చుకుంది. తర్వాత నెమ్మదిగా, "మీ అత్తగారికి చెప్పకండి పిన్నిగారూ" అని, తడబడి, "మా అత్తగారికి" అని సరిచేసుకుంది.

ఆ మొదటి మాటకి వదిన ఉలిక్కిపడడం నేను చూశాను. వెంటనే తేరుకుని, కొంగుతో ఆ పిల్ల మొహం తుడిచి, "ఎవలికీ సెప్పను" అంది. ఎండ తగ్గేదాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాం.