లెక్కలో ఎడ్లు లేవు

నా పెదవి చూసి ఇప్పుడే నవ్వకండి. మొన్న ఏం జరిగిందో చెప్తాను, అప్పుడు నవ్వండి. ఎలాగూ సూర్యాపేటంతా నవ్వుతూనే ఉంది!

మాది పెళ్ళిళ్ళ బ్యాండు. రెండు క్లారినెట్లు, ఒక డ్రమ్ము, తాళాలు, ఒకే ఒక్క ఇత్తడి కార్నెట్. కార్నెట్ ఊదేవాడే అందరికంటే ముందు నడుస్తాడు. ఇన్నేళ్ళూ అది మా మామ లింగయ్యదే. ఈసారి నా చేతికిచ్చి, తను తాళాలు తీసుకున్నాడు.

"మిర్యాలగూడ పెండ్లికి అందర్ని టైముకు చేర్చినవా, ఇగ ఇది నీదే అల్లుడా. లేకుంటే మళ్ల తాళాలే!"

నాలుగేళ్ళు తాళాలు కొట్టిన మహానుభావుణ్ణి నేను. మళ్ళీనా?

కోదాడలో పెళ్ళి ముగిసింది. అక్కణ్ణుంచి మిర్యాలగూడ ఇరవై ఎనిమిది మైళ్ళు. ఎడ్లబండి గంటకు మూడు మైళ్ళు. "తెల్లారి నాలుగింటికి కడితే ఒకటీ ఇరవైకి అక్కడ అన్నం తింటం!" అని ప్రకటించాను.

బండి తోలే బక్కయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "ఎండల నడుస్తరా అని ఎడ్లను అడిగినవా పిలగా?"

"ఎడ్లకు లెక్కలు రావు," అన్నాను. పొగరు చూశారా!

రాత్రి ప్రయాణానికి ఎవరికీ ధైర్యం లేదు. పోలీస్ యాక్షన్ తర్వాత ఇదే మొదటి ఎండాకాలం. చీకట్లో ఎవరు ఆపుతారో, ఎందుకు ఆపుతారో తెలియదు. అందుకని నా తెలివే గెలిచింది.

ఇంకో తెలివి కూడా ఉంది. ఊరి మొదట్లో దిగి వాయించుకుంటూ పోవడం మా పద్ధతి. అక్కడ మూట విప్పి తోమితే పావుగంట దండగ కదా! కార్నెట్‌ను ముందే చింతపండుతో తోమి, మూట కట్టకుండా బండిలో గడ్డిమోపు మీద పడుకోబెట్టాను.

"మూతికి పెట్టే ముక్క ఊడదీసి రొంటిన చెక్కుకోరా," అన్నాడు మామ.

"మళ్ల బిగించాల్నంటే రెండు నిమిషాలు పోతయి మామా."

పదకొండింటికి ఎడ్లు ఆగిపోయాయి. చుట్టూ బండరాళ్ళు, ఎండిన వాగు, ఒక్క తుమ్మచెట్టు. బక్కయ్య కాడి దించేశాడు. "పొద్దు వాలేదాక కదలవు. ఏదీ, నీ లెక్క జెప్పు వాటికి!"

ఆ చెట్టుకు నీడ ఉందనడం దాన్ని పొగడడమే. ఇద్దరికే చాలుతుంది, మేం ఆరుగురం. మూడింటి దాకా మనిషికి ఎనభై నిమిషాలని పంచాను. నీడ జరుగుతుందని లెక్కలో వేయలేదు. నా వంతు వచ్చేసరికి అది ముళ్ళ మీదికి పోయింది.

అప్పుడు దూరంగా సైకిల్ మీద ఒకాయన కనిపించాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూసి, వెనక్కి తిరిగాడు.

"పెండ్లోళ్ళ మనిషిరా! మనం లేమని చెప్తే ఇంకో బ్యాండును పెట్టుకుంటరు!" అన్నాడు మామ.

బండి దగ్గరికి ఉరికాను. నాలుగు గంటలు ఎండలో వేగిన కార్నెట్‌ను తుండుగుడ్డతో పట్టుకుని, బలమంతా పెట్టి ఊదబోయాను.

కార్నెట్ పలకలేదు. నేను పలికాను.

ఆ అరుపుకు సైకిలాయన ఆగాడు. ఎడ్లు కూడా లేచి నిలబడ్డాయి. పెళ్ళి మా చేతికే దక్కింది.

మిర్యాలగూడలో మామ కార్నెట్ ఊదుతూ ముందు నడిచాడు. వాచిన మూతితో నేను చివర.

"లెక్కలు మంచిగొస్తయి గద అల్లుడా," అని తాళాలు నా చేతిలో పెట్టాడు. "లెక్కపెట్టుకుంట కొట్టు."

కొడుతున్నాను. ఇందులో నాలుగు దాకా లెక్కపెడితే చాలు.