మాత్రలకు ఉపవాసం: నగరి నుంచి చిత్తూరు ప్రార్థనకు, అక్కడి నుంచి తిరుపతికి

మా ఆయన కుడి పాదం తీసేయాల్సి రావచ్చని పుత్తూరు డాక్టరు చెప్పిన రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు. క్రిస్మస్ ముందు చెప్పులోని మేకు గుచ్చుకుని అయిన పుండు అది. ఆయన మరమగ్గాల షెడ్డులో రోజంతా నిలబడితేనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. "ఇన్ని షుగరు మాత్రలకు కూడా తగ్గడం లేదంటే వింతగా ఉందమ్మా, వచ్చే వారం తిరుపతి పెద్దాసుపత్రిలో చూపించండి" అని డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఆ లోపు చిత్తూరు దగ్గర ప్రతి శుక్రవారం జరిగే స్వస్థత ప్రార్థనకు వెళ్లి తీరాలని నేను పట్టుబట్టాను. నాలాగా రోగిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాలనుకునే వాళ్లకు పనికొస్తుందని, వచ్చీరాని చదువుతో ఇది రాస్తున్నాను.

మా ఊరు నగరిలో ఉదయం ఐదున్నర బస్సు ఎక్కాల్సింది. తాళం వేశానో లేదోనని సగం దారి నుంచి వెనక్కి వెళ్లి చూసొచ్చేసరికి అది పోయింది. ఆరింటి బస్సులో పుత్తూరు అరగంట. అక్కడి నుంచి కార్వేటినగరం మీదుగా చిత్తూరుకు రెండు గంటలు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు ఛార్జీ లేదు, ఆయనకు రెండు బస్సులకూ కలిపి నూట ముప్పై దాకా అయింది. పుత్తూరు బస్టాండులో ఆయన ఇడ్లీ తిన్నాక మాత్ర చేతిలో పెట్టి, సంచిలో నీళ్ల సీసా కోసం అటు తిరిగాను. సీసా అందుకుని గటగటా తాగేశాడు.

దారి పొడవునా మామిడి తోటలే. నా కళ్లు మాత్రం ఆయన కాలి కట్టు మీదే ఉన్నాయి. "నొప్పిగా ఉండాదా?" అంటే లేదంటాడు. నొప్పి తెలియకపోవడం ఇంకా చెడ్డదేమోనని నా భయం.

"ఉండాది అంటే ఏడస్తావు, లేదంటే బయపడతావు. ఇంగేం జెప్పమంటావు మే నన్ను?" అని విసుక్కున్నాడు.

చిత్తూరు బస్టాండు బయట నుంచి ప్రార్థన మందిరానికి షేర్ ఆటోలు ఉంటాయి, మనిషికి ముప్పై. ఆటోవాడు ఆయన కాలు చూసి, "స్వస్థత కూటానికా అవ్వా? పోయిన వారం ఒకాయన చేతికర్ర నా ఆటోలోనే మర్సిపోయినాడు" అన్నాడు.

నా ప్రాణం లేచొచ్చింది. "నడక వచ్చేసిందా నాయనా?"

"ఏమో అవ్వా. సాయంత్రం కర్ర కోసం ఎతుక్కుంటా వచ్చినాడు."

మందిరం అంటే పెద్ద రేకుల షెడ్డు, కింద చాపలు. పది గంటలకు పాటలు మొదలవుతాయి, పన్నెండుకు రోగులను వరుసలో పిలుస్తారు. మా వంతు పన్నెండున్నరకు వచ్చింది. ప్రార్థన నడిపించే పాస్టరు అయ్యగారు వేలితో నూనె తీసి ఆయన నుదుట రాసి, తల మీద చెయ్యి పెట్టబోయి ఆగారు.

"అన్నా, మందులు సరిగ్గా ఏసుకుంటా ఉండావా?"

నేనే అందుకున్నాను. "రెండు పూటలా నా చేత్తోనే ఇస్తా ఉండాను అయ్యగారూ. ఒక్క పూట తప్పలేదు."

"నేను అన్నను అడిగినానమ్మా."

ఆయన తల దించుకున్నాడు. చంకలోని బైబిలు సంచి జిప్పు లాగి, లోపలి అరలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి, అయ్యగారి ముందున్న బల్ల మీద గుమ్మరించాడు. అన్నీ తెల్ల మాత్రలు. కొన్ని దొర్లి నా కాళ్ల దగ్గర పడ్డాయి.

"శ్రమదినాలు మొదలైనప్పటి నుంచి ఏసుకోలేదయ్యా. సుగరోళ్లు అన్నం మానకూడదని డాక్టర్లంటిరి. ఊరంతా ఉపవాసం ఉంటే నేనొక్కణ్ణే తింటా కూసునేదెట్లా? అందుకే మాత్రలకు ఉపవాసం ఉండినా."

శ్రమదినాలంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులు. అప్పటికి ముప్పై దాటిపోయాయి.

"యాల చేసినావన్నా ఇంత పని?" అన్నారు అయ్యగారు.

"మాత్ర మింగి నయమైతే అందరి ముందర చెప్పే సాక్ష్యంలో డాక్టరు పేరు గూడా చెప్పాల్సొస్తాది గదా అయ్యగారూ. దేవుడొక్కడే చేసినాడని చెప్పాలనుకుంటి."

వెనక వరుసలో ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. నలభై ఏళ్ల కాపురంలో ఈ మనిషి నాకు తెలియకుండా ఒక్క పని చేశాడని నేను అనుకోలేదు. కింద పడిన మాత్రలను ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాను.

అయ్యగారు మైకు పక్కన పెట్టేశారు. "నేను పొద్దున ఇన్సులిన్ సూది ఏసుకొనే వచ్చినానన్నా. అయితే నాకు ఇశ్వాసం లేనట్టేనా?" అన్నారు. స్వస్థత కోసం ప్రార్థించే మనిషికే సూది! మా ఆయన నోరు తెరిచి అలాగే చూస్తున్నాడు.

అప్పుడు అయ్యగారు మోకాళ్ల మీద కూర్చుని, ఆ కట్టు మీదే చెయ్యి పెట్టి ప్రార్థించారు. "ప్రభువా, ఈ పాదాన్ని ముట్టు. దానికంటే ముందు ఈయన మొండితనాన్ని ముట్టు. ఈయన్ను చూసే డాక్టర్ల చేతులను ముట్టు. ఈ తల్లి భయాన్ని ముట్టు." లేచి, నేను చూపించిన తిరుపతి చీటీ చదివి, "వచ్చే వారం దాకా ఆగొద్దు. ఇట్నించి ఇట్నే తిరుపతికి పోండి" అన్నారు. వంట దగ్గరున్న ఆమె పరుగున వచ్చి రాగి సంగటి పొట్లం నా చేతిలో పెట్టింది. "బస్సులో తినిపీక్కా, ఒట్టి కడుపుతో తీసకపోవద్దు."

ఒకటిన్నరకు తిరుపతి ఎక్స్‌ప్రెస్ దొరికింది. దాదాపు రెండు గంటల దారి. ఆయనకు సంగటి తినిపించాను. తర్వాత ఆగలేకపోయాను. "నా చేతిలోంచి తీసుకోని, నా ముందరే గుటక ఏసినావే!"

"నీళ్లు మింగినా. అది అబద్దం కాదు గదా."

"నోరు ముయ్యి."

ఇంకాసేపటికి ఆయనే మెల్లగా అడిగాడు. "కాలు పోతాదా మే?" ఆయన గొంతులో భయం నేను వినడం అదే మొదటిసారి. ఆయన చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో నర్సమ్మ వేలికి సూది గుచ్చి మీటరు పెట్టింది. అంకె రాలేదు, రెండు ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. "మిషను చెడిపోయిందా తల్లీ?" అన్నాను.

"మిషను బాగుండాది అవ్వా. అది కొలవలేనంత ఉండాది సుగరు. ఇంకో నాలుగు రోజులు పోయుంటే కాలు సంగతి కాదు, మనిషే దక్కేవాడు కాదు."

అప్పటికప్పుడే చేర్చుకున్నారు. ఆరో రోజు రెండు వేళ్లు తీసేశారు. పాదం నిలిచింది.

ఇంటికొచ్చి పది రోజులైంది. దేవుడు బాగుచేశాడా, డాక్టర్లు బాగుచేశారా అని వీధిలో అడుగుతున్నారు. వాదించేంత చదువు నాకు లేదు. పుండు మాన్పమని అడగడానికి వెళ్లాను, ఆ పుండు ఎందుకు మానడం లేదో నలుగురిలో బయటపడింది. ఆ ప్రశ్న అయ్యగారి చేత అడిగించింది దేవుడేనని నా నమ్మకం. అయినా ఆ మాత్రలు బల్ల మీద పడిన చప్పుడు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది. ప్రతిదానికీ భయపడే మనిషిని, మాత్ర గొంతు దిగిందా లేదా అని ఒక్కరోజు కూడా చూసుకోలేదు. శ్రమదినాల్లో రోగిని తీసుకుని వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. అన్నం తింటున్నారు కదా అని ఊరుకోకండి. దేనికి ఉపవాసం పట్టారో, బయలుదేరే ముందే వాళ్ల నోటితో చెప్పించుకోండి.