పెడల్ నొక్కినప్పుడల్లా

పలాస, టెక్కలి చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్ వాయించేవాడిని ఎవరూ పట్టించుకోరు. ఈలలన్నీ పాటగాడికి, చప్పట్లన్నీ కీబోర్డుకి. నాకు మిగిలేది ఒకటే ప్రశ్న: "ఆ సివర నిలబడినోడు ఏటి సేత్తన్నాడ్రా?" ఆ ఉక్రోషంతోనే విశాఖపట్నం వెళ్లి మూడు పెడల్స్ కొనుక్కొచ్చాను.

కాలితో నొక్కే చిన్న పెట్టెలవి. గిటార్ శబ్దం ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోయి, చివరికి స్పీకర్లలోంచి వస్తుంది. మూడోది శబ్దాన్ని గరగరలాడిస్తుంది. ప్రతిదానికీ మోత పెంచి తగ్గించే ఒక లెవెల్ నాబ్ ఉంటుంది. పెడల్ నొక్కినా తీసినా శబ్దం తీరు మారాలి గాని మోత పెరగకూడదు. మా ఊరు సుమ్మాదేవిలో, ఇంట్లో, పక్కింటివాళ్లు తిట్టకుండా తక్కువ శబ్దంలో అన్నీ సరిచూసుకున్నాను. చక్కగా కుదిరాయి. స్టేజి మీద పెద్ద బాక్సుల్లో మాత్రం మూడో పెడల్ నొక్కగానే బేస్ ఎగిరి అందరి నెత్తినా కూర్చుంది. తక్కువ శబ్దంలో చెవికి బేస్ సరిగా అందదని, స్టేజి మోతలోనే మళ్లీ సరిచూసుకోవాలని అప్పుడు తెలిసింది. తెలియక చేసింది ఆ మొదటి ప్రోగ్రాం ఒక్కటే. తర్వాతవన్నీ తెలిసే చేశాను. ఎందుకంటే ఆ రోజు జనం మొదటిసారి నా వైపు చూశారు.

మా పాటగాడు నాకు మావ వరస. నన్ను ఆర్కెస్ట్రాలోకి తెచ్చిందే ఆయన. పగలు పలాస జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కాల్చే పని, సాయంత్రం ఇస్త్రీ చొక్కా, మైకు. పై స్థాయి చరణాలు ఆయన సొత్తు. సరిగ్గా అక్కడే నేను పెడల్ నొక్కేవాడిని. ఆయన గొంతు ఆయనకు వినిపించడానికి కాళ్ల దగ్గర ఒక స్పీకరుండేది. నా మోత దాన్ని మింగేసేది. వినబడక అరిచేవాడు, అరిస్తే శ్రుతి జారేది.

నిమ్మాడలో ఒక పెళ్లి రిసెప్షన్ అయ్యాక చెమట తుడుచుకుంటూ అడిగాడు. "అల్లుడా, పైకెల్తే నా గొంతు నాకే ఇనబడ్డంనేదురా. ఏటైనాదంటావు?"

నాబ్ కొంచెం వెనక్కి తిప్పితే సరిపోయేది. నేనేమన్నానంటే, "పొగలో పని సేత్తన్నావు కదా మావా. గొంతు తగ్గినట్టుంది."

ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్లను చాలామందిని చూశాను. మద్దెల నిజంగా ఓడైనా తన పాటనే తప్పుపట్టుకున్న మనిషిని ఈయనొక్కడినే చూశాను. మిరియాల కషాయం తాగాడు. బుగ్గన కరక్కాయ పెట్టుకు తిరిగాడు. శ్రుతి ఒక మెట్టు దించమన్నాడు. చివరికి పొగ పడటంలేదని పిక్కలు కాల్చే పని మానేసి, ఆ వయసులో అదే ఫ్యాక్టరీలో బస్తాలు మోయడానికి చేరాడు. అప్పుడైనా చెప్పాల్సింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతాడేమోనని నోరు మూసుకున్నాను. పిరికి వెధవని. ఒకరోజు టెక్కలిలో రిహార్సల్ మధ్యలో మైకు కింద పెట్టి, "నాను పాట ఒగ్గీసినాన్రా" అన్నాడు.

ఆయన స్థానంలో వచ్చిన పాటగాడికి మొహమాటం లేదు. మొదటి రోజే, "అన్నా, ఆ మూడో పెడల్ తగ్గించు, నా గొంతు నాకు ఇనబడ్డంనేదు" అన్నాడు. తగ్గించాను. అంతే, గొడవ తీరిపోయింది. ఆ ప్రోగ్రాంకి మావ ముందు వరసలో కూర్చుని విన్నాడు. అయ్యాక వచ్చి, "సూసినావా, గొంతంటే అలాగుండాల" అని నా భుజం తట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండేళ్లు దాచి, మొన్న ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికెళ్లి అంతా చెప్పేశాను. పెడల్, నాబ్, నిమ్మాడలో ఆడిన అబద్ధం, అన్నీ. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"అయితే నా గొంతుకేటీ అవనేదన్నమాట!" అని, వంటింట్లో ఉన్న అత్తను కేకేశాడు. "ఇన్నావా? నా గొంతు బాగానే ఉందట!"

అత్త చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, పై స్థాయి చరణం ఎత్తుకున్నాడు.

ఫ్యాను తప్ప ఇంట్లో వేరే చప్పుడు లేదు. సగంలో గొంతు పగిలింది. మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే పగిలింది. రెండేళ్లుగా పాడని గొంతు అది. మూడోసారి ప్రయత్నించలేదు.

నా కళ్లలో నీళ్లు చూసి, నా చెయ్యి పట్టుకుని ఓదార్చాడు.

"నేదురా అల్లుడా. నువ్వప్పుడు సెప్పిందే నిజం. పొగే తినీసినాది."