సమ్మయ్య బొమ్మలు ఎందుకు రాలినయ్

ఇరవై ఏండ్లు దాటింది, ఒక్క మాట నా గొంతుల అడ్డంబడి ఉన్నది. మింగుదామంటె దిగది, కక్కుదామంటె రాదు. పెండ్లాంకు చెప్పలె. దవాఖానల కండ్లు మూసే ముందు మా అమ్మ "ఏందిరా గట్లున్నవ్" అని అడిగితె, ఆమెకు గూడ చెప్పలె. నీకు చెప్తాన. నువ్వెవరో నాకు తెల్వది, నేనెవరో నీకు తెల్వది, గందుకే చెప్పబుద్ధయితాంది. ఇన్నంక ఛీ అంటె అను. నన్ను నేను రోజూ అనుకునేదే.

నేను ఆయిల్ పెయింటింగులు ఏస్త. మట్టెవాడల మాకు బట్టల దుకాణముండె. బాపు గల్లా మీద కూసోమంటె కూసోలె, హైదరాబాద్ పోయి బొమ్మల చదువు చదువుకొని వచ్చిన. ఉన్నది ఉన్నట్టు ఏసుడు నా పని. నా బొమ్మల ముక్కు ముక్కులెక్కనే ఉంటది, చీర చీరలెక్కనే ఉంటది, పానం మాత్రం ఉండది. ఈ సంగతి కాలేజీలనే నాకు సమజైంది. ఇంకెవలన్న కనిపెడుతరేమో అని బుగులు వడుకుంటనే బతికిన.

సమ్మయ్యది పాలకుర్తి దిక్కు పల్లె, కూలినాలి చేసుకునే ఇల్లు. మా దుకాణం బోర్డు రాయనీకె వచ్చిండు మొదలు. అక్షరాలు రాసేటోడు, జర ఖాళీ దొరికితె మనుషులను గీస్తుండె. ఆయిల్ రంగులు చేతిలవెట్టి ఎట్ల కలుపాలె, ఎట్ల పూయాలె నేనే చూపిచ్చిన. ప్రేమతోనే చూపిచ్చిన, అది అబద్ధం గాదు. ఏడాది తిరగకముందే కొత్తవాడల జంపఖానాలు నేసే ఒక ముసలమ్మను ఏసి తెచ్చిండు. ఆమె మగ్గం కాడికెల్లి తలెత్తి నన్ను ఏదో అడుగవోతాంది అనిపిచ్చింది. "మంచిగుంది తమ్మీ" అన్న. ఆ దినం అన్నం సయించలె.

గప్పుడే హన్మకొండల ఒకాయన ఫంక్షన్ హాల్ కడుతుండె. గోడలకు పెద్ద పెద్ద బొమ్మలు కావాలన్నడు. ఇద్దరియి చూసిండు. నాయి చూసి "ఫోటో లెక్కనే ఉన్నయి సార్" అన్నడు. సమ్మయ్యయి చూసుకుంట దగ్గరికి పోయిండు, ఎన్కకు వచ్చిండు, మళ్ల దగ్గరికి పోయిండు. పని సమ్మయ్యకిచ్చిండు.

సంబురంగ నా దగ్గరికే ఉరికొచ్చిండు సమ్మయ్య. ఆయిల్ ఏసే ముందు కాన్వాసుకు ఒక తెల్ల పూత ఏయాలె. అసలు పూత పిరం, చాన పైసలైతది. బోర్డులకు ఏసినట్టు తెల్ల ఎనామిల్ ఏస్తె నడుస్తదా అన్నా, అని అడిగిండు. ఎనామిల్ రేకు మీద ఆగుతది. బట్ట మీద పెళుసైతది, నున్నగుంటది, దానిమీద ఆయిల్ రంగు పట్టుకోదు. ఎంటనే బయటపడది. రెండు మూడు వానకాలాలు పోయినంక పెచ్చులు పెచ్చులుగ ఊడుతది. నాకు తెలుసు. తెలిసే "నడుస్తది, ఫికర్ జేయకు" అన్న.

ఎందుకన్న? నోరు జారిందా? లేదు. ఒక్క నిమిషం ఆలోచన జేసిన, ఆ నిమిషంల చాయ్ గ్లాసు కింద వెట్టి, ఆయన మొఖం చూసి, ఈయన నన్ను ఎంత నమ్ముతాండు అని గూడ అనుకొని, గప్పుడు అన్న. పగోనికి గూడ అట్ల చెయ్యరు. నేను తమ్మీ అని పిలిచేటోనికి చేసిన.

అనుకున్నట్టే అయింది. ఒక పెండ్లిల, బంతి మీద కూసోని తినేటోళ్ల ఇస్తరాకులల్ల రంగు పెచ్చులు రాలినయట. హాలాయన పదిమంది ముందట సమ్మయ్యను బజారు మాటలన్నడు. సమ్మయ్య బొమ్మలు రాలిపోతయి అని ఊరంత పాకింది. ఇంకెవ్వలూ పిలువలె.

ఆ ముసలమ్మ బొమ్మ సంకలవెట్టుకొని నా దగ్గరికొచ్చిండు. అప్పట్ల పైసలు లేక, నన్ను అడుగకుంటనే దానికి గూడ ఎనామిలే ఏసిండట. సగం మొఖం ఊడిపోయి ఉన్నది.

"ఎనామిల్ తోటి అయిందా అన్నా?"

"ఎనామిల్ ఏం జేస్తది తమ్మీ? నేను గూడ అదే ఏస్త. నాయి మంచిగనే ఉన్నయి గద."

"మరి నా చెయ్యేనా?"

నేను బ్రష్షులు తుడుసుకుంట కూసున్న. సమ్మయ్య చేతులు ముందుకు సాపి ఇటు తిప్పి అటు తిప్పి చూసుకున్నడు. "ఉండనియ్యి అన్నా, ఇది నీకాడనే ఉండనియ్యి. ఇంట్ల ఉంటె చూడబుద్ధయితలేదు" అని బొమ్మ నా గోడకు ఆనిచ్చి పోయిండు.

మొదటిది కుళ్లు అనుకో. ఈ రెండోదానికి పేరేంది? నాకిప్పటికీ దొరకలె.

ఇంకా ఉన్నది, ఇను. ఆ ఊడిపోయిన మొఖాన్ని ఎదురుంగ వెట్టుకొని ఉన్నది ఉన్నట్టు ఏసిన. సగం ముసలమ్మ, సగం ఉత్త తెలుపు. అది నాకు వచ్చిన పనే గద. హైదరాబాద్ల చూసినోళ్లు సర్రియలిజం అన్నరు. ఇది మనిషి లోపటి బొమ్మ అన్నరు. అటెన్క అన్నీ గట్లనే ఏసిన. మొఖాలు రాలే మనుషులు, పెచ్చులూడే ఆకాశం. ఢిల్లీల, ముంబైల ఎగ్జిబిషన్లు. ఈ ఊహలు యాడికెల్లి వస్తయి సార్ అని అడిగితె, కలలకెల్లి అని చెప్పిన. సిగ్గు లేకుంట చెప్పిన.

సమ్మయ్య ఇప్పుడు ఇండ్లకు రంగులు ఏస్తాండు. మొన్న బిడ్డను తోలుకొని మా ఇంటికొచ్చిండు. ఇంటర్ అయిపోయింది, బొమ్మల చదువే చదువుత అంటాందట. మా ఇంట్ల చేతులు మంచియి గావు, నువ్వు పెద్దోనివి, జర నువ్వు వద్దని చెప్పన్నా, నీ మాట ఇంటది, అన్నడు. ఆ పిల్ల గీసిన కాయితాలు నా ముందట వెట్టింది. చూసిన. ముసలమ్మ మగ్గం కాడికెల్లి మళ్ల తలెత్తినట్టే అయింది. పిల్ల నా దిక్కు సూటిగ చూసి, మా నాన బొమ్మలు ఎందుకు రాలినయి సార్ అని అడిగింది. సమ్మయ్య తల దించుకున్నడు, ఆ మాట బిడ్డ నోట వచ్చినందుకు సిగ్గువడ్డట్టు. నిజం చెప్పనీకె గదే సమయం. గదొక్కటే సమయం. నేనేమన్న తెలుసా? "ముందు ఏదన్న డిగ్రీ చెయ్యి బిడ్డా, తర్వాత చూద్దాం" అన్న. సమ్మయ్య నాకు దండం వెట్టి పోయిండు.

అప్పటిసంది బ్రష్ ముట్టలె. గందుకే ఇది రాస్తాన. సమ్మయ్య చేతిల ఏ తప్పూ లేదు. ఆ పిల్ల చేతిల గూడ లేదు. తెలిసి తెలిసి నేనే చెడగొట్టిన. ఆ ఇద్దరికి చెప్పాల్సింది నీకు చెప్పిన. వాళ్లకు ఎప్పుడన్న చెప్తనా అంటె, నా మీద నాకే నమ్మకం లేదు.

రాసినంక జర ఊపిరి ఆడుతాంది. ఆ ఊపిరి గూడ నాకే దక్కింది, సమ్మయ్యకు గాదు.